రెండో కుర్చీలో నవ్వులు

ఆ సెలూన్‌లో రెండు కుర్చీలుండేవి. వీధి తలుపు పక్కనున్నది అన్నది, లోపలి గోడ వైపున్నది తమ్ముడిది. అన్నని అందరూ రేడియో అనేవారు. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆయన నోరు మూతపడేది కాదు. దువ్వెన ఆగినా, కత్తెర ఆగినా మాట మాత్రం ఆగేది కాదు. తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. "చిన్నగానా, మీడియమా?" అని అడిగితే ఆ పూటకి అతని మాటలు అయిపోయినట్టే. అందుకని అతనికి ముని అని పేరు పెట్టారు.

ముని చెయ్యి మంచిది. చెవుల దగ్గర అతను తీసే గీత రేడియోకి ఈ జన్మలో రాదు. అయినా వచ్చినవాళ్ళు రేడియో కుర్చీ కోసమే బెంచీ మీద కాచుకుని కూర్చునేవారు. "మావాడు ఖాళీగానే ఉన్నాడు, అటు కూర్చోండి. పని నాకంటే బాగా చేస్తాడు" అనేవాడు రేడియో పెద్దమనసుతో. "పర్లేదులే, ఆగుతాం" అనేవారు వాళ్ళు. ఆ మాట వినడానికే ఆయన అలా అనేవాడని ఆయన భార్యకి తెలుసు. బహుశా మునికీ తెలుసు.

షాపు వెనకే ఇల్లు. మధ్యలో ఒక తలుపు, దానికి ముదురు పచ్చ పరదా. రేడియో, ఆయన భార్య, తొమ్మిదేళ్ళ కూతురు కింద ఉండేవారు. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తని ముని, షాపు మీదున్న గదిలో పడుకుని, కింద వదిన చేతి వంట తినేవాడు.

ఒక సోమవారం పొద్దున్న రేడియో కుర్చీలో రిటైరైన లెక్కల మాస్టారు కూర్చున్నారు. రేడియో ఆయనకి సగం మీసం కథ చెబుతున్నాడు. ఆ కథ షాపుకి వచ్చేవాళ్ళందరికీ కంఠతా వచ్చు, అయినా అడిగి మరీ చెప్పించుకునేవారు. ఒక పెళ్ళికొడుకు పెళ్ళిరోజు పొద్దున్నే వచ్చి మీసం తీసెయ్యమంటాడు, పెళ్ళికూతురికి ఇష్టం లేదట. సగం తీశాక ఆ పిల్ల దగ్గర్నించి ఫోను: "తీయకండి, మనసు మార్చుకున్నాను" అని. అక్కడ రేడియో ఎలా తెలివిగా ఆ మిగిలిన సగాన్ని సన్నటి గీతలా దిద్ది, కొత్త ఫ్యాషనని పెళ్ళివారందరినీ ఒప్పించాడో చెప్పడానికి పావుగంట పట్టేది. ఆ రోజు ఫోను మోగేచోటికి వచ్చి, ఒక్క గుటక మింగాడు. గాజుపెంకు దిగినట్టు గొంతులోంచి చెవిదాకా పోటు పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైంది రేడియో? స్టేషన్ అందట్లేదా?" అన్నారు మాస్టారు.

మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. భార్య టార్చి వేసి నోట్లోకి చూసింది. గొంతు రెండు వైపులా ఎర్రగా ఉబ్బి, వాటి మీద పెరుగు చిందినట్టు తెల్లటి మచ్చలున్నాయి.

"పోయిన వారం పిల్లకి వచ్చిందే ఇది. అచ్చం ఇలాగే ఉంది. డాక్టర్ దగ్గరికి పదండి."

"పిల్లల జబ్బు నాకెందుకొస్తుందే?" అన్నాడు రేడియో. ఆ ఒక్క ముక్క అనడానికి మంచం కోడు పట్టుకోవాల్సి వచ్చింది. "రెండు రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే అదే పోతుంది."

పోలేదు. మంగళవారానికి ఉమ్ము మింగాలన్నా భయమేసి, పక్కన గిన్నె పెట్టుకుని ఉమ్మడం మొదలుపెట్టాడు. దవడల కింద రెండు గడ్డలు ఉసిరికాయల్లా పైకి తేలాయి. దగ్గు లేదు, జలుబు లేదు. ఉన్న బాధంతా ఒక్కచోటే, బెత్తెడు జాగాలో కాపురం పెట్టింది. మాట్లాడాల్సి వస్తే కూతురి నోటుపుస్తకం మీద రాసి చూపించేవాడు.

మొదటి రోజు మాత్రం ఆ బాధలోనూ ఒక హాయి ఉంది. పరదా అవతలినుంచి మాటలు వినబడేవి. "రేడియో లేడా? అయితే మళ్ళీ వస్తాంలే." ఒకరు. ఇద్దరు. ముగ్గురు. ప్రతి మాటా ఆయన గొంతుకి లేపనంలా ఉండేది. పాపం తమ్ముడు, ఈగలు తోలుకుంటున్నాడు అనుకుని, దుప్పటి గడ్డందాకా లాక్కుని పడుకున్నాడు.

బుధవారం పదకొండు గంటలకి షాపులోంచి నవ్వు వినబడింది. ఒక మనిషి నవ్వు కాదు, నలుగురైదుగురిది. ఎవరో ఫోన్లో ఏదో పెట్టుకుని చూస్తున్నారు కాబోలు అనుకున్నాడు. మళ్ళీ నవ్వు. రేడియో మోచేతి మీద లేచి చెవి రిక్కించాడు. మాట్లాడుతున్నది ముని. నెమ్మదిగా, మధ్యమధ్యలో కత్తెర చప్పుడుకి చోటిస్తూ, సగం మీసం కథ చెబుతున్నాడు.

"...అప్పుడు ఫోను మోగింది. 'తీయకండి' అంది ఆ అమ్మాయి. పెళ్ళికొడుకు మా అన్నయ్య మొహం చూశాడు. మా అన్నయ్య చేతిలో కత్తి మొహం చూశాడు. మీకందరికీ తెలుసుగా మా అన్నయ్య సంగతి. పుట్టాక మొదటిసారి ఆయనకి మాట రాలేదు."

కత్తెర రెండుసార్లు టిక్కుటిక్కుమంది.

"ఎంతసేపటికీ రాలేదు. చివరికి నేనే ఇటునుంచి అన్నాను: 'బాబూ, అమ్మాయికి ఫోన్ చేసి ఏ వైపు సగం ఉంచమంటుందో కనుక్కో.'"

షాపు పైకప్పు ఎగిరిపోయినట్టు నవ్వారు.

రేడియో ఒళ్ళు భగ్గుమంది. కోపం అంతా అబద్ధం విన్నందుకు కాదు, నిజం విన్నందుకు. జరిగింది అలాగే. సన్నగీత, కొత్త ఫ్యాషన్, పెళ్ళివారిని ఒప్పించడం, అన్నీ ఆయన తర్వాత చేర్చుకున్నవి. ఇరవై ఏళ్ళు పావుగంట పెట్టి చెప్పిన కథని వాడు మూడు నిమిషాల్లో చెప్పి, తనకంటే రెట్టింపు నవ్వు రాబట్టాడు. ఇన్నాళ్ళూ ఆ మూల నిలబడి వీడు చేసింది ఇదా? ఒక్కొక్క కథా దాచుకోవడమా?

భార్య కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "పదిహేనేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. మా మరిదిలో ఇంత తమాషా ఉందని తెలీనే తెలీదు!"

రేడియో పుస్తకం లాక్కుని రాశాడు: "అది నా కథ."

"మీ కథేలెండి, ఎవరు కాదన్నారు?" అంది ఆవిడ జావ గ్లాసు చేతికిస్తూ. "కాకపోతే మీరు చెబితే నాకెప్పుడూ ఇంత నవ్వు రాలేదు."

ఆ జావ మింగడం కంటే ఆ మాట మింగడం కష్టమైంది.

గురువారం ఆయన ఇక పడుకోలేకపోయాడు. జ్వరంతో కాళ్ళు తేలిపోతున్నా గోడ పట్టుకుని పరదా దాకా వెళ్ళి, సందులోంచి చూశాడు. మాస్టారు తమ్ముడి కుర్చీలో కూర్చున్నారు. జుట్టు కత్తిరించుకుని నాలుగు రోజులు కాలేదు. గడ్డం గీయించుకునే వంకతో వచ్చారు. బెంచీ మీద ఇద్దరు ఆగి ఉన్నారు. తన కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద ఎవరో సంచీ పెట్టారు. సంచీ! అద్దంలో తమ్ముడి మొహం కనబడింది. చెంపలు ఎర్రబడి, కళ్ళు మెరుస్తూ, పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. వాడు అందగాడని రేడియోకి అప్పటిదాకా తట్టలేదు. తట్టాక ఓర్వలేకపోయాడు.

శుక్రవారం జ్వరం నూటమూడు దాటింది. భార్య ఇక అడగలేదు. ఆటో పిలిచి, రెక్క పట్టుకుని ఎక్కించింది.

డాక్టరు చిన్న వయసావిడ. గొంతులోకి దూదిపుల్ల పెట్టి తిప్పి, కాసేపయ్యాక పరీక్ష కాగితం చూపించింది. "స్ట్రెప్, గొంతులో చేరే సూక్ష్మక్రిమి. మీ అమ్మాయికొచ్చిందే. పెద్దవాళ్ళకి రాదని మీకెవరు చెప్పారు?"

రేడియో తల దించుకున్నాడు.

"పది రోజులు మాత్రలు. మూడో రోజుకే తగ్గినట్టుంటుంది, అయినా ఆపకూడదు. మందు పడ్డాక ఇరవై నాలుగు గంటలదాకా మీనుంచి ఇంకొకరికి అంటుతుంది. రేపు సాయంత్రందాకా మీ గ్లాసు, మీ కంచం, మీ తువ్వాలు వేరు. అర్థమైందా? ఈ మాత్రలు కొందరికి కడుపులో మంట పుట్టిస్తాయి. ఏదైనా తిన్నాకే వేసుకోండి."

ఇంటికొచ్చాక భార్య నీలంరంగు ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టింది. "ఇది మీ ఒక్కరికే" అని పిల్లకి కూడా చెప్పి, పిల్లని తీసుకుని కిరాణా కొట్టుకి వెళ్ళింది. ముని ఆ సమయంలో షాపులో ఉన్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకి షట్టరు దిగిన చప్పుడైంది. ముని చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ఎలా ఉంది అన్నయ్యా? వదిన మందు తెచ్చిందా?"

రేడియో తల ఊపాడు.

"నువ్వు రోజూ ఎలా మాట్లాడతావో గానీ, నోరు పిడచకట్టుకుపోయింది నాకు. ఇవాళ బెంచీ ఖాళీ లేదు. మాస్టారైతే, ఇకనుంచి నీ కుర్చీలోనే కూర్చుంటాను ముని అన్నారు. ఊరికే అన్నార్లే." చిన్నగా నవ్వాడు. దాచుకుందామనుకున్న సంతోషం ఆ నవ్వులోంచి కారిపోయింది. మాట్లాడుతూనే స్టూలు మీదికి చెయ్యి చాచి నీలం గ్లాసు అందుకున్నాడు.

అప్పుడే రేడియో సగం తాగి పెట్టిన నీళ్ళవి.

గొంతు లేదన్నది నిజమే. కానీ చెయ్యి ఉంది. చెయ్యి దుప్పటి మీద, గ్లాసుకి జానెడు దూరంలో ఉంది. పక్కన పుస్తకం ఉంది, కలం ఉంది. వద్దని తల అడ్డంగా ఊపినా చాలు. రేడియోకి డాక్టరు మాట గుర్తులేకపోలేదు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గ్లాసు తమ్ముడి పెదవులకి చేరేలోపు ఆయనకి ఇదంతా ఆలోచించే వ్యవధి దొరికింది. ఆలోచించాడు. చెయ్యి కదపలేదు.

ముని గటగటా తాగి గ్లాసు బోర్లించి పెట్టాడు. "నువ్వు త్వరగా లేచి రా అన్నయ్యా" అని, మెట్లెక్కి తన గదికి వెళ్ళిపోయాడు.

కొట్టునుంచి తిరిగొచ్చిన భార్య ఆయన మొహం చూసి దగ్గరికొచ్చింది. "అలా ఉన్నారేం? డాక్టరు చెప్పిందే, కడుపులో మంటా?"

ఔనని తల ఊపాడు. మాత్రల వల్లననుకుందామంటే అప్పటికి వేసుకున్నది ఒక్కటే.

మాత్రలు పనిచేశాయి. ఆదివారానికి మెతుకు మింగగలిగాడు. సోమవారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తమ్ముడికంటే ముందే షట్టరు ఎత్తాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది గానీ, ఆ బొంగురునే కథగా మార్చేశాడు. వచ్చినవాళ్ళంతా పలకరించారు. రేడియో మళ్ళీ మోగింది. మాస్టారు పేపరు చదువుకునే నెపంతో వచ్చి, బెంచీ మీద మధ్యలో కూర్చున్నారు, ఏ కుర్చీకీ దగ్గర కాకుండా.

ముని ఆ రోజు నోరు విప్పలేదు.

ఎవరో "ముని, ఆ లాయరుగారి విగ్గు సంగతి మిగిలిపోయింది" అన్నారు. ముని చిన్నగా నవ్వి, తల అడ్డంగా ఊపి, పని చేసుకున్నాడు. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. మధ్యాహ్నం తిండికి లోపలికి రాలేదు, ఆకలి లేదన్నాడు. రేడియో అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. అలిగాడు, అనుకున్నాడు. రాజ్యం చేజారిందని మొహం మాడ్చుకున్నాడు. వారం రోజుల వైభవం మరి! అలా అనుకున్నకొద్దీ ఆయనకి మాటలు పొంగుకొచ్చాయి. బుధవారం సాయంత్రం కావాలనే సగం మీసం కథ ఎత్తుకుని, సన్నగీతతో సహా, పెళ్ళివారితో సహా, పూర్తిగా పావుగంట చెప్పాడు. జనం నవ్వారు. కాస్త మర్యాదగా నవ్వారు.

గురువారం మాస్టారు పేపరు మడిచి లేచారు. "రేడియో, మాట కాస్త ఆపి ఇటు చూడవయ్యా. నీ తమ్ముడి మొహం ఒక పక్కకి వాచింది. వాడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉమ్ము తుడుచుకుంటున్నాడు."

రేడియో చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. తమ్ముడి దగ్గరికి వెళ్ళి నుదురు ముట్టుకున్నాడు. నిప్పులా కాలుతోంది. "నోరు తెరువు" అన్నాడు. ముని తెరవబోయాడు. రెండు వేళ్ళ సందుకంటే తెరుచుకోలేదు.

"ఎన్నాళ్ళనుంచిరా?"

ముని నాలుగు వేళ్ళు చూపించాడు.

నాలుగు రోజులు. తను కథలు చెప్పిన నాలుగు రోజులూ.

ఆసుపత్రిలో గొంతు లోపల ఒక వైపు చీము గడ్డ కట్టిందన్నారు. స్ట్రెప్ వచ్చినప్పుడు చూపించుకోకపోతే ఒక్కోసారి ఇలా ముదురుతుందట. సూదితో చీము తీశారు, చేతికి సెలైన్ పెట్టారు, మూడు రోజులు ఉండమన్నారు. రేడియో షాపు మూసేసి తమ్ముడి మంచం పక్క ఇనప కుర్చీలో కూర్చున్నాడు. వార్డులో ఎనిమిది మంచాలు. కిటికీ పక్కనున్న తాతగారు దగ్గుతున్నారు, నర్సు బండి తోసుకుంటూ తిరుగుతోంది. మాట్లాడటానికి అంతమంది మనుషులుండి కూడా రేడియోకి ఒక్క మాట రాలేదు.

రెండో రోజు పొద్దున్న, తనకి మందిచ్చిన డాక్టరమ్మే వచ్చినప్పుడు వరండాలోకి వెంటపడి అడిగాడు. "నా గ్లాసులో నీళ్ళు తాగాడు డాక్టర్‌గారూ. ఆ శుక్రవారం సాయంత్రం. దానివల్లేనా?"

"ఒకే ఇల్లు, ఒకే షాపు. గ్లాసు వల్ల వచ్చిందో, అంతకుముందే పాపనుంచో మీనుంచో అంటుకుందో ఎవరు చెప్పగలరు? దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి" అందావిడ.

ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. తప్పించుకుందామనే వార్డులోకి తిరిగి నడిచాడు. కానీ తమ్ముడి మంచం దగ్గరికి వచ్చి కుర్చీలో కూర్చోగానే నోరు దానంతటదే మాట్లాడింది.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు నీలం గ్లాసు తీసుకున్నావు చూడు. అది తాగితే నీకు అంటుకుంటుందని నాకు తెలుసు. డాక్టరు చెప్పింది. తెలిసే ఊరుకున్నాను."

ముని ఆయన వైపు చూశాడు. చాలాసేపు చూసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ రోజంతా, ఆ రాత్రంతా ముని పలకలేదు. ఇంకెవరైనా అయితే కోపమని తెలిసిపోయేది. ఇతను మామూలుగానే మాట్లాడడు. పైగా గొంతులో పుండు. అది కోపమో, అలవాటో, నొప్పో తేల్చుకోలేక రేడియో నరకం చూశాడు. జావ తాగిస్తే తాగాడు. దిండు సర్దితే సర్దించుకున్నాడు. కళ్ళు మాత్రం కలపలేదు.

మూడో రోజు, ఇంటికి పంపించే కాగితాలు తయారవుతుండగా, ముని బొంగురు గొంతుతో అన్నాడు. "చెప్పుంటే తాగేవాణ్ణి కాదు."

"తెలుసు."

"చెయ్యి ఊపినా సరిపోయేది."

"తెలుసురా."

"మరెందుకు ఊపలేదు?"

రేడియో నేలకేసి చూశాడు. "నువ్వు నవ్వించావు. వాళ్ళందర్నీ. అందుకు."

ముని అర్థం కానట్టు చూశాడు. "ఆ మొదటిరోజు ఎంతమంది లేచి వెళ్ళిపోయారో చూశావా? షాపు ఖాళీ అయిపోతుందని భయమేసింది. రాత్రల్లా కూర్చుని నీ కథలు గుర్తుచేసుకున్నాను. బుధవారం నోరు తెరిచేముందు చేతులు వణికి ఒకాయన చెవి గీశాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "తర్వాత బాగుందనిపించింది. అది అబద్ధం చెప్పను. చాలా బాగుంది."

"వినబడింది" అన్నాడు రేడియో.

"ఆ మీసం కథ ఇక నాది."

రేడియోకి గుండెలో కలుక్కుమంది. ఇల్లు రాసిమ్మన్నా అంత బాధపడేవాడు కాదేమో. "తీసుకో" అన్నాడు.

ముని కోలుకుని షాపుకి రావడానికి ఇంకో వారం పట్టింది. ఆ తర్వాత అతను రేడియోలా రోజంతా మాట్లాడలేదు. వారానికి ఒకటో రెండో, మనసైనప్పుడు. కానీ అతని కుర్చీ కోసం ఆగేవాళ్ళూ కొందరు తయారయ్యారు. "ఇటు ఖాళీ ఉంది, రండి" అని రేడియో పిలిస్తే, "పర్లేదు, ఆగుతాం" అనేవారు. ఆ మాట ప్రతిసారీ ఎక్కడో గుచ్చుకునేది.

రేడియో కొత్త కథ కట్టాడు. తన గొంతుజబ్బు కథ. నూటమూడు జ్వరం నూటఐదైంది, తెల్లమచ్చలు ముత్యాలంత అయ్యాయి, డాక్టరమ్మ జన్మలో ఇలాంటి గొంతు చూడలేదంది. గ్లాసు సంగతి మాత్రం అందులో లేదు. ఆ చోటు దాటేటప్పుడు అవతల తమ్ముడి కత్తెర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలేది.

ఒకరోజు మాస్టారు రేడియో కుర్చీలోంచి అడిగారు. "అంతా బాగానే ఉంది గానీ, మీ తమ్ముడికెలా వచ్చిందయ్యా అది?"

రేడియో అద్దంలోకి చూశాడు. బెంచీ మీద ముగ్గురు. తమ్ముడి కత్తెర ఆగి ఉంది. ఇక కథలా కాకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు: పరదా సందు, ఖాళీ కుర్చీ మీద సంచీ, నీలం గ్లాసు, కదపని చెయ్యి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. షాపులో ఎవరూ కదల్లేదు.

అప్పుడు ముని తన పని మీదినుంచి తల తిప్పకుండానే అన్నాడు. "మా అన్నయ్య ఎప్పుడూ కాస్త పెంచి చెబుతాడు మాస్టారూ. గ్లాసులో సగం నీళ్ళే ఉన్నాయి."

అందరూ ఒక్కసారి ఫక్కుమన్నారు. బెంచీ మీదున్న ముసలాయన తొడ చరుచుకుని మరీ నవ్వాడు. రేడియోకి గుండెల మీదినుంచి బరువు దిగింది. ఆ దిగిన మరుక్షణమే, ఇంత మాట నాకెందుకు తట్టలేదు అనిపించి కడుపులో చురుక్కుమంది. మాస్టారి తల కొద్దిగా వెలుతురు వైపు తిప్పి, చెవి పైన మిగిలిన వెంట్రుకలు కత్తిరించడం మొదలుపెట్టాడు.